మా జర్మనీ అక్కల దహనం

నా బామ్మర్ది, అంటే నా భార్య సొంత తమ్ముడు, జనగామ చౌరస్తాలో నా జర్మనీ సినిమా తారల పోస్టుకార్డులన్నిటినీ ఆంధ్ర సినిమావాళ్ల బొమ్మలని చెప్పి, కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. తగలబెడుతూ మైకులో నన్ను ఆంధ్రోళ్ల తొత్తు అన్నాడు. కార్డులు ఎలాగూ తిరిగిరావు కనుక వాటిని అడగడం మానేశాను. ఆ మాటను వెనక్కి తీసుకొమ్మని మాత్రం అడుగుతూనే వచ్చాను. రాష్ట్రం రాకముందు అడిగాను, వచ్చాక అడిగాను, పెళ్లిపందిట్లో అడిగాను, దినాల భోజనాల్లో పక్క విస్తరిలో కూర్చుని అడిగాను. బజారులో ఇప్పటికీ కొందరు ఆ మాట గుర్తుపెట్టుకుని నన్ను చూసి ముసిముసిగా నవ్వుతారు.

మొన్న ఎండాకాలంలో, భూపాలపల్లి నుంచి హైదరాబాదు పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన కవరు ఒకటి జనగామ బస్టాండులో నాకు అందింది. లోపల మా బామ్మర్ది ఫొటో. ఉద్యమకారులకు సన్మానమట. భుజాన శాలువా, మెడలో పెద్ద దండ, చేతిలో గాజు జ్ఞాపిక, ముఖంలో నేను ఎన్నడూ చూడని వినయం. వెనుకే మా ఇంటికి ఫోను: "అక్కా, బావకు చెప్పు, మంచి టేకు ఫ్రేం కట్టుమను. గీతలు లేని అద్దం వెయ్యమను." నా ఫ్రేములను నడిరోడ్డు మీద మంటలో వేసినవాడికి ఇప్పుడు గీతలు లేని అద్దం కావాలి. ఆ ఫొటోను బల్ల మీద బోర్లా వేసి, ఎగిరిపోకుండా దాని మీద సుత్తి పెట్టాను. వానలు పడేదాకా అది అలాగే ఉంది. మా ఇంటామె దుకాణానికి వచ్చినప్పుడల్లా దాన్ని వెల్లకిలా తిప్పేది. ఆమె పోగానే నేను మళ్లీ బోర్లా వేసేవాణ్ణి. ఒకరోజు ఆమెకు ఓపిక నశించింది. "నా తమ్ముని మొకం మీద సుత్తి పెడ్తవానయ్యా?" అంది. "మొకం మీద పెట్టలే, వీపు మీద పెట్టిన" అన్నాను. ఆమె రెండు రోజులు నాకు కారం తక్కువేసిన కూర పెట్టింది. మా ఇంట్లో అది శిక్ష.

నాది పటాలు కట్టే దుకాణం. స్టేషన్ రోడ్డు నుంచి బజారులోకి తిరిగే మూల మీద ఉంటుంది. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాతి చదువంతా పటాల వెనుకే సాగింది. పాత పటం బాగుకు వచ్చినప్పుడు వెనుక చెక్క విప్పితే, బొమ్మకూ చెక్కకూ మధ్య బిగువు కోసం ఎవరో ఎప్పుడో పెట్టిన కాగితం ఉంటుంది. పాత పత్రికలు, పంచాంగాలు, ఉర్దూ జాబులు, ఎరువుల క్యాలెండర్లు. గిరాకీ లేని మధ్యాహ్నాలు వాటిని చదువుతూ కూర్చునేవాణ్ణి. అట్లా ఉర్దూ అక్షరాలు పట్టుబడ్డాయి, ఇంగ్లీషు పట్టుబడింది, లోకంలో ఎక్కడెక్కడ యుద్ధాలు జరిగి ముగిశాయో కొంచెం ఆలస్యంగానైనా తెలిసింది. ఈ దుకాణంలో దేవుళ్లను కట్టాను, చనిపోయినవాళ్లను కట్టాను, పెళ్లిజంటలను కట్టాను, వాటిలో కొన్ని జంటలు విడిపోయాక ఫొటోను మధ్యకు కోసి రెండు పటాలుగా కూడా కట్టాను. సినిమా హీరోను మాత్రం ఎన్నడూ కట్టలేదు. దానికి కారణం మా అవ్వ.

నాకు పెళ్లికాకముందు మా అవ్వను మొదటిసారి సినిమాకు తీసుకుపోయాను. అదే చివరిసారి కూడా. బెంచీ టికెట్టు. అవ్వ పెట్టెలోని చీర కట్టుకుని, కొంగుకు పుట్నాలు మూటగట్టుకుని కూర్చుంది. ఆ సినిమాలో హీరో కోస్తా భాష మాట్లాడాడు, హీరోయిను అదే మాట్లాడింది, జడ్జీ, డాక్టరు, ఆఖరికి ఆకాశంలోంచి దేవుడు కూడా అదే మాట్లాడాడు. మధ్యలో ఒక దొంగ వచ్చాడు. వాడు మాత్రం మా ఇంట్లో మేం మాట్లాడుకునే భాష మాట్లాడాడు. "ఏందిర బై, ఎటు వోతున్నవ్" అన్నాడు, అంతే, హాలంతా గొల్లుమంది. ఆ మాటలో హాస్యమేముందో నాకు ఇప్పటికీ తెలియదు. నవ్వింది ఎవరో కాదు, మావాళ్లే, జనగామవాళ్లే, పొట్ట చేత్తో పట్టుకుని మరీ నవ్వారు. అవ్వ పుట్నాలు నమలడం ఆపి నా చెవి దగ్గరికి వంగింది. "గాడు మన లెక్కనే మాట్లాడుతుండు గదరా. గింతగనం నగుడెందుకు?" అని అడిగింది. ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాం. దారి పొడుగునా అవ్వ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఎవరైనా నవ్వుతారేమోనని కాబోలు. ఆ నడక నేను మరచిపోను. సినిమాలు తీసినవాళ్లు మరచిపోయి ఉంటారు. వాళ్లకు ఆ దొంగ ఒక నిమిషం పని.

ఇక మా బామ్మర్ది. వాళ్లది తొర్రూరు పక్కన ఊరు. భూములున్న ఇల్లు, పంచాయతీ ఎలక్షన్లలో నిలబడే ఇల్లు. వాడికి ఒక హీరో ఉండేవాడు, కోస్తా ఆయనే, పేరెందుకు. ఆయన సినిమా విడుదలైతే మావాడు తొర్రూరులో ఒకసారి, మానుకోటలో ఒకసారి, మనసాగక వరంగల్లులో మరోసారి చూసేవాడు. మా పెళ్లయిన కొత్తలో ఆ హీరో రంగుబొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని మా దుకాణానికి వచ్చాడు.

"బావా, దీనికి బంగారు రంగు ఫ్రేం కట్టియ్యి."

"మీ నాయిన ఫొటో తే, ఉత్తగనే కట్టిస్త. గీయనను కట్ట."

"ఎందుకు బావా?"

"గీయన సినిమాల దొంగ ఏం భాష మాట్లాడుతడో యిన్నవా?"

"అది కామెడీ బావా!"

"ఎవని మీద?"

వాడు బొమ్మను మళ్లీ చుట్టుకుని బస్సెక్కాడు. తొర్రూరులో ఎవడి దగ్గరో కట్టించుకున్నాడు. తర్వాతి పండుగకు వచ్చినప్పుడు నాకు వినబడేట్టుగా వాళ్ల అక్కతో, "బావ కంటె మంచిగ కట్టిండే" అన్నాడు. ఆ అవమానం వేరే ఖాతా, దీంట్లో కలపను.

కార్డులు నాకు దొరికింది ఒక గడి నుంచి. మానుకోట అవతల ఒక పల్లెలో పాత గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. దొరల పిల్లలంతా పట్నం పోగా మిగిలిన ముసలి దొరసాని, గోడల మీది పటాలకు అద్దాలు మార్చమని నన్ను పిలిపించింది. అందులో ఒకటి పెద్దదొరది. తలపాగా, నడుముకు కత్తి, నువ్వింకా వంగలేదేమన్న చూపు. వెనుక చెక్క విప్పితే, బిగువు కోసం పెట్టిన కార్డు ఒకటి దొర వీపుకు ఆనుకుని ఉంది. తిప్పి చూస్తే ఆడమనిషి. గోధుమరంగు ఫొటో. చెవుల దాకా దించిన గంటలాంటి టోపీ, గీసినట్టున్న కనుబొమ్మలు, మెడ చుట్టూ బొచ్చు పట్టీ. కళ్లు మాత్రం ఇప్పుడే ఏడ్చి లేచినట్టున్నాయి. కింద తెల్లగా వంకర సంతకం. వెనుక జర్మన్ అక్షరాలు, నడుమ నిలువుగీత, ఎవరూ తపాలా బిళ్ల అంటించని ఖాళీ చోటు. దొర తమ్ముడొకాయన ఎన్నడో జర్మనీకి చదువుకోబోయి, చదువు తప్ప మిగతావన్నీ వెంట తెచ్చుకున్నాడట. "గవన్ని నాకెందుకు, నువ్వే ఉంచుకో" అని దొరసాని ఒక రేకు డబ్బాలోంచి ఇంకొన్ని కార్డులు తీసి నా ముందు పడేసింది.

ఆ ముఖాల్లో నాకు నచ్చింది ఒక్కటే, అవి మాట్లాడవు. అప్పటి వాళ్ల సినిమాలకు మాట లేదు. హీరోది ఒక భాష, దొంగది ఒక భాష అయ్యే వీలే లేదు. రాజైనా, రౌడీ అయినా కళ్లతోనే చెప్పుకోవాలి. అలాంటి సినిమాకు మా అవ్వను తీసుకుపోయి ఉంటే పుట్నాలు నములుతూ ఆఖరిదాకా కూర్చునేది.

పట్టుకున్నాక వదల్లేదు. అద్దాల కోసం హైదరాబాదు పోయినప్పుడల్లా ఆదివారం కలిసొచ్చేట్టు చూసుకుని, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కుప్పల్లో మోకాళ్ల మీద కూర్చుని వెతికేవాణ్ణి. సికింద్రాబాదులో తపాలా బిళ్లలమ్మే ముసలాయనకు చెప్పిపెట్టాను. పుణెలో ఒక రిటైరైన గుమాస్తాకు కూడా ఇదే పిచ్చి. నా దగ్గర రెండేసి ఉన్నవి ఆయనకు పంపితే, నాకు లేనివి ఆయన పంపేవాడు. మనిషిని చూడనేలేదు. ఈ కార్డుల్లో రకాలున్నాయి. అచ్చువేసినది ఒకటి, నిజంగా ఫొటో కాగితం మీద కడిగి తీసినది ఒకటి. భూతద్దం పెడితే అచ్చుదానిలో ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. నిజమైనదానిలో వెంట్రుక వెంట్రుకగానే ఉంటుంది. కొన్నిటికి పెదాల మీద చేత్తో రంగు అద్దారు. వెనుక రాతలున్నవి కూడా దొరికేవి. ఒక పాత జర్మన్ నిఘంటువు కొని, ఆ గొలుసుకట్టు రాతలో ఒక కార్డు చదవడానికి నాకు వానాకాలమంతా పట్టింది. "ఇక్కడ వాన. ఈమె సినిమా బాగుంది. అమ్మకు దగ్గు తగ్గింది." అంతే ఉంది. ఆ తెలియని అమ్మకు దగ్గు తగ్గినందుకు నాకు నిజంగానే సంతోషమైంది.

ఒక్క కార్డుకు కూడా నేను జిగురు పెట్టలేదు. జిగురు పెట్టినవాడు కార్డును చంపినట్టే. నల్ల అట్ట మీద నాలుగు మూలలకు నాలుగు కాగితపు జేబులు చేసి, మూలలు వాటిలో దూర్చి, పెద్ద టేకు ఫ్రేముల్లో వరుసలుగా కట్టుకున్నాను. వేలు పెడితే కార్డు బయటికి వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. ఆ తారల అసలు పేర్లు నాకు తెలుసు గాని మా ఇంట్లో అవి ఎవరి నోట్లోనూ తిరగలేదు. మా ఇంటామె అందరికీ వరసలు పెట్టింది. గంట టోపీ ఆమె టోపీ అక్క. బొచ్చుకోటు ఆమె చిన్నమ్మ. ఒంటికంటద్దం పెట్టుకున్న మగాయన మేనమామ. సిగరెట్టు పట్టుకున్నామెకు మాత్రం వరస పెట్టడానికి ఒప్పుకోలేదు, ఆమె "గామె". శుక్రవారం శుక్రవారం అద్దాలు తుడుస్తూ, "నీ జర్మనీ అక్కలకు దుమ్మువట్టింది, జర సూసుకో" అనేది.

ఇక ఉద్యమం. మొదటిసారిది నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నా ఎడమచేతి చిటికెనవేలు గుర్తుపెట్టుకుంది. అరవై తొమ్మిదిలో స్టేషన్ దగ్గర లాఠీ పడి వంగింది, మళ్లీ నిటారు కాలేదు. అద్దం కోసేటప్పుడు ఇప్పటికీ అది పక్కకు జరిగి నిలబడి, మిగతా వేళ్లు పనిచేస్తుంటే చూస్తుంది. రెండోసారి ఉద్యమం లేచినప్పుడు చౌరస్తాలో టెంటు వేశారు. రోజుకొక కులమో, వృత్తో వచ్చి కూర్చోవాలి. ఉత్తగా కూర్చుంటే చాలదు, ఎవరి పని వాళ్లు రోడ్డు మీదే చేసి చూపించాలి. ఇస్త్రీ చేసేవాళ్లు బొగ్గుల పెట్టెలు తెచ్చి తారురోడ్డు మీద బల్లలు వేసి ఇస్త్రీ చేశారు. క్షౌరవృత్తివాళ్లు వరుసగా కుర్చీలు వేసి, ఆగిపోయిన బస్సుల డ్రైవర్లకు గడ్డాలు గీశారు. కుమ్మరులు సారె తిప్పారు. తండాల ఆడవాళ్లు వచ్చి తమ భాషలో పాడుతూ గుండ్రంగా ఆడితే, తిట్టుకుంటూ కూర్చున్న ప్రయాణికులు కూడా దిగి చూశారు. వకీళ్లకు రోడ్డు మీద చేసి చూపించే పనేదో తోచలేదు, కబడ్డీ ఆడారు. ఈ టెంటుకు కన్వీనరు మా బామ్మర్ది. అప్పటికి జనగామలో మోటారు పంపుల దుకాణం పెట్టుకుని, ఒక కాలు రాజకీయాల్లో వేసి ఉన్నాడు.

పటాలు కట్టేవాళ్ల వంతు వచ్చింది. మా పని చూపించాలంటే వెనుక పటాలు వేలాడాలి. దేవుళ్లను బస్సు పొగలో వేలాడదీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. మిగతా దుకాణాలవాళ్ల దగ్గర ఇక ఉన్నవన్నీ హీరోల పటాలే. ఆ రోజుల్లో అవి బయటపెడితే దుకాణం మిగలదు కనుక గోనెసంచులు కప్పి అటక మీదికి ఎక్కించారు. నేను నా జర్మనీ ఫ్రేములు తెచ్చి టెంటు వెనుక తాడుకు వరుసగా కట్టాను. గర్వంగానే కట్టాను. మూలల దగ్గర వెంట్రుక దూరదు, వచ్చి చూడండి, జనగామ పని ఇది. బల్ల వేసుకుని అద్దం కోస్తూ, అందరితోపాటు జై తెలంగాణ అన్నాను. నా గొంతు కొంచెం పెద్దది కూడా.

అంతకు కొద్దిరోజుల ముందు ఎవరో నటుడు తెలంగాణ గురించి ఏదో అన్నాడని టీవీలో వచ్చింది. సినిమావాళ్ల బొమ్మలు కాల్చాలని ఎక్కడినుంచో మాట వచ్చింది. మావాడు పొద్దటి నుంచి మైకులో మొత్తుకుంటున్నాడు. "అన్నలారా, అక్కలారా! మీ ఇండ్లల్ల ఉన్న ఆంధ్ర సినిమావాళ్ల బొమ్మలు, క్యాలెండర్లు తెచ్చి గీ మంటల వెయ్యాలె!" మంట ఉంది. పాత టైర్లు కాలుతున్నాయి. బొమ్మలు రాలేదు. ఎంతసేపు చూసినా ఒక్కరూ తేలేదు. ఒకాయన మాత్రం సబ్బు తెచ్చి, ప్యాకెట్టు మీద హీరోయిను ఉందని నలుగురికీ చూపించి, సబ్బు జేబులో వేసుకుని, కాగితం మంటలో వేశాడు. విలేకరులు మోటారుసైకిళ్లు దిగకుండానే తొందరపెట్టారు. "అన్నా, జల్ది చెయ్యిండ్రి. దేవరుప్పులల ఇంకో ప్రోగ్రామున్నది." అప్పుడు పడింది మావాడి చూపు నా తాడు మీద.

"బావా, గవి తియ్యి."

"ఏవి?"

"గా సినిమావాళ్ల బొమ్మలు."

"అరే, అవి జర్మనీయిరా! మన నాయినలు పుట్టినప్పటియి! గీళ్లకు తెలుగే రాదు!"

"జర్మనీల గూడ ఆంధ్రోళ్లే సినిమాలు తీస్తున్నరా ఏందే?" అని గుంపులోంచి ఎవడో అన్నాడు. నవ్వారు. ఆ నవ్వు నాకు తెలిసిందే, అవ్వతో బెంచీ మీద కూర్చుని విన్నదే. ఇంకొకడు దగ్గరికి వచ్చి చూసి, "గింత తెల్లగున్నరు, గింత పౌడర్ కొట్టిన్రు, ఆంధ్రోళ్లే" అని తీర్పు చెప్పాడు. ఒక ముసలాయన టోపీ అక్క ముందు నిలబడి, "గీమె దేవత ఏషం కట్టినామె గదరా, నా చిన్నప్పుడు సూసిన" అని, చెంపలు వేసుకుని, దండం పెట్టి, పక్కకు జరిగి, "ఇగ కాల్చుండ్రి" అన్నాడు.

నేను బతిమాలాను. జీవితంలో ఆ బామ్మర్దిని బతిమాలింది ఆ ఒక్కసారే. "ఫ్రేములు కాల్చుకోరా. టేకువే, కాల్చుకో. కార్డులు తీసుకుంట. జిగురు లేదు, వేలు వెడితె వస్తయి. ఒక్క నిమిషం ఆగు."

"బొమ్మల్లేని ఫ్రేములు కాలిస్తె ఏమొస్తది బావా? పేపరోళ్లున్నరు."

తాడు తెంచాడు. నేను ఒక ఫ్రేమును పొట్టకు కరుచుకున్నాను, ఇద్దరు వచ్చి లాగారు. అప్పుడే మైకులో ఆ మాట వచ్చింది. "సూడుండ్రి! సొంత బావ అని సూస్తలేను. ఆంధ్రోళ్ల తొత్తు మా ఇంట్ల ఉన్నా ఇడిసిపెట్ట!" చప్పట్లు కొట్టారు. నా చిటికెనవేలు అక్కడే ఉంది, అందరి కళ్ల ముందే ఉంది. ఒక్కడూ చూడలేదు.

మొదట అద్దాలు పగిలాయి. తర్వాత కార్డులు వేడికి వంకర్లు తిరిగి, కాగితపు జేబుల్లోంచి వాటంతటవే బయటికి వచ్చి, ఒక్కొక్కటే లేచి నిలబడి కాలాయి. టోపీ అక్క ముఖం గోధుమరంగు నుంచి నల్లబడి, ఆ నలుపు మీద ఒక్క క్షణం వెండి మెరుపు వచ్చి పోయింది. పాత ఫొటో కాగితంలో వెండి ఉంటుంది. చదివాను గాని కళ్లతో చూస్తానని అనుకోలేదు. మరునాడు పేపరులో సినీతారల పటాల దహనం అని బొమ్మ వేశారు. మావాడు పిడికిలి ఎత్తి ఉన్నాడు, కాళ్ల దగ్గర సగం కాలిన మేనమామ ఒంటికంటద్దంతో ఆకాశం వైపు చూస్తున్నాడు. పాపం, జనగామ అనే ఊరు ఒకటుందని తెలియకుండానే పోయిన మనిషి. ఆ సాయంత్రం మా ఇంటామె తమ్ముణ్ణి వాకిట్లోనే నిలబెట్టి, "వాళ్లు నీకేం జేసిన్రురా? గా టోపీ పిల్ల నిన్నేమన్నదిరా?" అని అడిగింది. వాడు "నీకు తెల్వదక్కా, ఊకో" అన్నాడు. తర్వాత ఆమె వాడికి అన్నం పెట్టింది. పెట్టకుండా ఉంటుందని నేను అనుకోలేదు, అయినా ఆ చప్పుళ్లన్నీ వింటూ వెనుక అరుగు మీద ఆకలితో కూర్చున్నాను.

తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నేను అడగడం, వాడు వాయిదా వేయడం. మానుకోటలో చుట్టాల పెళ్లిలో పట్టుకున్నాను. "మాట వాపస్ తీస్కో. అవి జర్మనీయి, నేను తొత్తును కాను. గంతే, నలుగుట్ల చెప్పు." వాడు చేతులు కడుక్కుంటూ, "రాష్ట్రం రానియ్యి బావా, అప్పుడు కూసొని మాట్లాడుదం" అన్నాడు. రాష్ట్రం వచ్చింది. నేను కూడా బజారులో గులాలు చల్లుకున్నాను, మిఠాయి పంచాను, సాయంత్రం గులాలు కడుక్కోకుండానే వాడి దుకాణానికి పోయి నిలబడ్డాను. "ఇయ్యాల్నే వచ్చె గద బావా, జర కుదురుకోనియ్యి." కుదురుకున్నాక కూడా అడిగాను. అప్పుడు నవ్వి, "గంత పాత ముచ్చట ఎవలకు యాదికున్నది" అన్నాడు. నాకు ఉంది. ఒకసారి మాత్రం వాణ్ణి తడబడేట్టు చేశాను. "మరి నీ హీరో పటం ఏం జేసినవు? బంగారు రంగుది, తొర్రూరుది?" అన్నాను. "గది ఎన్నడో పారేసిన" అని, ఫోను మోగకపోయినా ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పిమ్మట దుకాణం అమ్మేసి భూపాలపల్లి చేరాడు. కొడుకుకు చెల్పూరు కరెంటు ప్లాంటులో ఉద్యోగం.

చివరికి ఆ సన్మానం ఫొటోకు ఫ్రేం కట్టాను. వాడి మీద ప్రేమతో కాదు. వానగాలికి ఫొటో అంచులు పైకి లేస్తుంటే చేతులు ఊరుకోలేదు. టేకు తీశాను, గీతలు లేని అద్దమే వేశాను, నల్ల అట్ట మీద నాలుగు కాగితపు జేబులు చేసి మూలలు దూర్చాను. టోపీ అక్కకు చేసిన మర్యాదే వాడి శాలువాకూ చేశాను. పాత పేపరులో చుట్టి, దారం కట్టి, నేనే తీసుకుని బస్సెక్కాను. మా ఇంటామె వస్తానంది. "నువ్వొస్తే కోడిని కోస్తరు, నా మాట పక్కకు పోతది" అని వద్దన్నాను. బస్సు పరకాల దాటి, చెల్పూరు పొగగొట్టాల పక్కనుంచి పోతుంటే, చెప్పవలసిన మాటలు మరొకసారి వరుసగా పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా పెట్టుకుంటున్నవే, అంచులు అరిగిపోయాయి.

మైకు పట్టి చౌరస్తాను వణికించిన మనిషి, మోకాళ్లు పట్టుకుని మూడు విడతల్లో కుర్చీలోంచి లేచాడు. "రా బావా, వానల వడొచ్చినవు. అక్క రాలేదా?" అని, నా చేతిలో కట్ట చూసి చేయి చాపాడు. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ముందు మాట. తర్వాత పటం."

"ఇంక గదే పట్టుకున్నవా? రాష్ట్రమొచ్చి పదేండ్లు దాటె."

"రాష్ట్రం సంగతి నేనడుగుతలేను. తాడు మీద ఉన్నోళ్లు ఎవలు? నేనెవన్ని? గది చెప్పు."

కోడలు చాయ్ తెచ్చి, మా ఇద్దరి ముఖాలు చూసి, గ్లాసులు పెట్టి లోపలికి పోయింది. వాడు చాయ్ మీద కట్టిన మీగడను వేలితో పక్కకు తీస్తూ కూర్చున్నాడు. తాగలేదు. కాసేపటికి లేచి, "ఇట్రా" అని వెనుక గదిలోకి నడిచాడు. పడమటి కిటికీకి ఎదురుగా, గోడకు ఒక పటం ఉంది. బంగారు రంగు ఫ్రేం. తొర్రూరు పని అని గుమ్మంలోంచే తెలిసింది. మూలలు కలవలేదు, ఒక మూలలో బొద్దింక దూరేంత సందు. లోపల ఎవరో ఒక మనిషి, తెల్లగా పాలిపోయి ఉన్నాడు, పోల్చుకోలేకపోయాను. వాడు నా పక్కకు వచ్చి నిలబడి, మైకు గొంతుతో కాదు, ఇంట్లో మాట్లాడే గొంతుతో, ఇన్నేళ్లకు నాకు జవాబు చెప్పాడు:

"పారేసిన అని అబద్దం చెప్పిన బావా. గా దినం మైకుల ఎంత మొత్తుకున్నా ఒక్కడు బొమ్మ తేలేదు సూడు, అందరం ఇండ్లల్ల దాసుకున్నం. నేను గీయనను బియ్యం గుమ్మి ఎనుక పెట్టొచ్చి మైకు పట్టిన. మనల్ని ఎక్కిరించినోళ్లను కాల్చనీకి చేతులు రాలే, ఒక్క మాట గూడ అనని నీ అక్కలను కాల్చినం. తొత్తు అంటె గా దినం నేనే బావా, నువ్వు కాదు. ఇప్పుడన్న తీసేద్దమంటె, ఇన్నేండ్ల ఎండకు గీయన మొకం ఎట్లయిందో సూడు. ఎవలో గుర్తు వడ్తలేడు. అచ్చం నీ జర్మనోని లెక్కనే ఉన్నడు."